చార్మినార్‌కి మళ్లీ సున్నం వేస్తారు... మరి నాన్న ఊపిరితిత్తులకి?

ఒకే రోడ్డు, ఒకే పొగ. ఒకవైపు 1591 నుంచి నిలబడ్డ కట్టడం. ఇంకోవైపు ముప్పై ఏళ్లుగా దుకాణంలో కూర్చున్న మా నాన్న. ట్రాఫిక్ పొగ ఈ ఇద్దరినీ ఏం చేస్తోందో తెలుసుకోవాలనుకున్నాను. చివరికి వేలు నా బైక్ వైపే తిరిగింది.

పొద్దున దుకాణం షట్టర్ ఎత్తగానే మా నాన్న మొదట దేవుడి పటానికి దండం పెట్టుకుంటాడు. తర్వాత తెల్ల గుడ్డ తీసుకుని అద్దాల కౌంటర్ తుడుస్తాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ తుడుస్తాడు. సాయంత్రం ఇంకోసారి. మూడుసార్లూ గుడ్డ నల్లగానే వస్తుంది. మట్టి రంగు కాదు, పొయ్యి మీద మసి అంటుకున్న గిన్నె తుడిచినట్టు నలుపు.

హైదరాబాద్ పాతబస్తీలో మదీనా చౌరస్తాకి దగ్గర్లో ఛత్తా బజార్ ఉంది. పెళ్లి కార్డులకి పేరున్న గల్లీ. అక్కడే మా చిన్న దుకాణం. కౌంటర్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్నది రెండు మెట్లే. ఆటోలు, టూవీలర్లు, సామాన్ల ట్రాలీలు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ మెట్ల ముందు నుంచే కదులుతుంటాయి. కదులుతుంటాయి అనడం కంటే ఆగి ఉంటాయి అనడం కరెక్ట్. అక్కడి నుంచి చార్మినార్‌కి నడిస్తే పావుగంట.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వయసు ఇరవై ఎనిమిది. గౌలిపురాలో ఇల్లు, హైటెక్ సిటీలో ఆఫీసు. మొన్నమొన్నటి వరకు పొల్యూషన్ అంటే నాకు ఢిల్లీ వాళ్ల సమస్య. మనకేంటి, దక్కన్ పీఠభూమి, గాలి బాగానే ఆడుతుంది అనుకునేవాణ్ని. నాన్న దగ్గు ఆ నమ్మకాన్ని చెడగొట్టింది.

"సిగరెట్ తాగుతారా?"

ఆ దగ్గు ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. పొద్దున లేవగానే కాసేపు దగ్గేవాడు. చలికాలంలో ఎక్కువ. అడిగితే ఒకటే మాట. "ఏం గాలేదు రా. దుకాణంల దుమ్ము. వేడి నీళ్లు తాగితే పోతది." అమ్మ మిరియాల కషాయం పెట్టేది. నేను మెడికల్ షాపులో సిరప్ తెచ్చేవాణ్ని. అలాగే ఏళ్లు గడిచాయి.

రెండేళ్ల కింద మా బంధువుల పెళ్లిలో ఫంక్షన్ హాల్ మెట్లెక్కుతూ నాన్న మధ్యలో ఆగిపోయాడు. రెయిలింగ్ పట్టుకుని, ఎవరినో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాడు. నిజానికి ఎవరినీ వెతకడం లేదు. ఊపిరి అందక ఆగాడు. ఆ సంగతి నాకు తెలియకూడదని చూశాడు.

మర్నాడే ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సిగరెట్ తాగుతారా అండీ?"

"లేదు సార్. జన్మల ముట్టలే."

"ఏం పని చేస్తారు? ఎక్కడ కూర్చుంటారు?"

నాన్న చెప్పాడు. డాక్టర్ తలాడించి స్పైరోమెట్రీ రాశారు. చాలా సింపుల్ పరీక్ష. గుండెల నిండా గాలి పీల్చి, ఒక గొట్టంలోకి ఎంత బలంగా వీలైతే అంత బలంగా ఊదాలి. మొత్తం ఎంత గాలి బయటికి వచ్చింది, అందులో మొదటి సెకనులోనే ఎంత వచ్చింది అని మెషిన్ లెక్కేస్తుంది. మందు పీల్చి మళ్లీ ఊదినా మొదటి సెకనులో 70 శాతం కూడా రాకపోతే గాలి గొట్టాలు ఇరుకైనట్టు. నాన్నది అంతకంటే తక్కువే వచ్చింది. సీఓపీడీ అన్నారు.

"తగ్గుతుందా డాక్టర్?" అని అడిగాను.

"ఉన్నది కాపాడుకోవచ్చు. పోయింది మాత్రం వెనక్కి రాదు."

కోడ్ రాసేవాడికి ఈ మాట మింగుడు పడదు. మా పనిలో ఏది పాడైనా పాత వెర్షన్‌కి వెళ్లే దారి ఒకటి ఉంటుంది. ఇక్కడ లేదు.

మినార్ నుంచి రాలిన ముక్క

డాక్టర్ మాట విన్న రోజు నాకు చార్మినార్ గుర్తొచ్చింది. దానికో కారణం ఉంది.

2019 మే 1 రాత్రి చార్మినార్‌లోని ఒక మినార్ నుంచి సున్నపు నగిషీ ముక్క ఊడి కింద పడింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు పాతబస్తీ మొత్తం అదే ముచ్చట. నేనూ వెళ్లి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి వచ్చాను. తర్వాత భారత పురావస్తు శాఖ పరంజా కట్టించి మరమ్మతులు చేయించింది.

ఆ పనులు సాగుతున్న రోజుల్లో ఒక పెద్దాయన, సున్నం పని మేస్త్రీ, కూతురి పెళ్లి కార్డుల కోసం మా దుకాణానికి వచ్చాడు. చాయ్ తాగుతూ ఒక మాటన్నాడు. "సున్నం ఊపిరి తీసుకుంటది బేటా. సిమెంట్ తీసుకోదు. అందుకే పాత బిల్డింగులకు సిమెంట్ పూస్తే లోపల లోపలే ఖరాబైతది."

అప్పుడు ఆ మాట నాకు కవిత్వంలా వినిపించింది. తర్వాత చదివితే తెలిసింది, అది అచ్చమైన కెమిస్ట్రీ.

చార్మినార్ గోడలు గ్రానైట్ రాయి, సున్నం. పైన కనిపించే నగిషీ అంతా సున్నపు పనే. మన ఊళ్లలో పాత కోటలు, గుళ్లు, గడీలు కట్టినట్టే డంగు సున్నం. గానుగలో సున్నం, ఇసుక కలిపి మెత్తగా రుబ్బి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం లాంటివి పోసి వాడటం మన దగ్గర పాత పద్ధతి. ఆ సున్నం ఎలా గట్టిపడుతుందో తెలుసా? గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుని కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే సున్నపురాయిగా మారిపోతుంది. గట్టిపడ్డాక కూడా దాని నిండా సన్నటి రంధ్రాలుంటాయి. వాన తడి లోపలికి పోతుంది, ఎండకి మళ్లీ బయటికి వస్తుంది. మేస్త్రీ చెప్పిన ఊపిరి అదే.

ఊపిరి తీసుకునేదానికి గాలి ఎలాంటిదన్నది ముఖ్యం. అది గోడ అయినా, మనిషి అయినా.

సున్నాన్ని పొగ ఏం చేస్తుంది?

పెట్రోల్, డీజిల్, బొగ్గులో ఎంతో కొంత గంధకం ఉంటుంది. మండినప్పుడు అది సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. గోడ మీది తడితో, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆమ్లంగా మారి సున్నాన్ని తింటుంది. అప్పుడు కాల్షియం కార్బొనేట్ కాస్తా కాల్షియం సల్ఫేట్ అవుతుంది. అదే జిప్సం. ఫాల్స్ సీలింగ్‌లో వాడతామే, ఆ జిప్సమే.

జిప్సంతో రెండు తలనొప్పులు. ఒకటి, సున్నపురాయి కంటే నీళ్లలో చాలా త్వరగా కరుగుతుంది. వాన నేరుగా తగిలే చోట కరిగి కొట్టుకుపోతుంది. దాంతోపాటు నగిషీలోని సన్నటి గీతలూ పోతాయి. రెండు, వాన తగలని చోట, అంటే ఛజ్జాల కింద, కమానుల మూలల్లో, అది అక్కడే పేరుకుంటుంది. పేరుకుంటూ గాలిలోని మసిని తనలో ఇరికించుకుంటుంది. అలా నల్లటి పెచ్చు కడుతుంది. ఎండకి, తడికి ఆ పెచ్చు ఒకలా, దాని వెనక ఉన్న సున్నం ఇంకోలా సాగుతాయి, ముడుచుకుంటాయి. చివరికి పెచ్చు లేచిపోతుంది. పోతూ పోతూ కింది పొరని కూడా పట్టుకుపోతుంది.

డీజిల్ మసి ఇక్కడ రంగు మాత్రమే కాదు. అందులో ఉండే ఇనుము లాంటి లోహపు రేణువులు ఆమ్లం తయారయ్యే పనిని ఇంకా వేగం చేస్తాయి. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లంగా మారతాయి. అది సున్నంతో కలిస్తే వచ్చే కాల్షియం నైట్రేట్‌కి ఒక్క వాన చాలు, కరిగిపోవడానికి.

గ్రానైట్‌కి ఆమ్లంతో పెద్ద భయం లేదు. కానీ రాయికీ రాయికీ మధ్య ఉన్నది సున్నమే కదా.

ఒక సంగతి మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. పాత కట్టడం మీద కనిపించే నలుపంతా పొగ కాదు. వానకి పట్టిన నాచు ఎండిపోయి నల్లబడింది కూడా ఉంటుంది. అలాగే ఒక ముక్క రాలితే అది ట్రాఫిక్ ఒక్కదాని వల్లే అనడానికీ లేదు. వాన నీరు దిగడం, ఎండ, వయసు, బండ్ల అదురు, పొగ... అన్నీ కలిసే పని చేస్తాయి. మా భాషలో చెప్పాలంటే సర్వర్ ఒక్క కారణంతో పడిపోవడం అరుదు. నాలుగు చిన్న తప్పులు ఒకే రోజు కలుస్తాయి. ఆ నాలుగింటిలో మన చేతిలో ఉన్నవి ఏవన్నదే ప్రశ్న. వాననీ, వయసునీ ఆపలేం. బండిని ఆపగలం.

తాజ్‌కి మాస్క్, ఏథెన్స్‌లో నకిలీ విగ్రహాలు

బండ్లని ఆపిన చోట్లు ఉన్నాయి. అందరికీ తెలిసింది తాజ్‌మహల్. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 30న తీర్పు ఇచ్చింది. తాజ్ చుట్టూ దాదాపు 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో బొగ్గు కాల్చే పరిశ్రమలు సహజ వాయువుకి మారాలి, లేదంటే అక్కడి నుంచి వెళ్లిపోవాలి అని. తాజ్‌కి 500 మీటర్ల లోపలికి మామూలు పెట్రోల్, డీజిల్ బండ్లు రాకూడదనే నిబంధన కూడా ఉంది. అందుకే టూర్‌కి వెళ్లినవాళ్లు బ్యాటరీ బండిలోనో, నడిచో గేటు దాకా పోతారు.

అయినా పాలరాయి పసుపు రంగుకి తిరుగుతూనే ఉంది. ఐఐటీ కాన్పూర్, అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనం, ఆ రంగుకి కారణం గాలిలోని కార్బన్ రేణువులు, దుమ్మూ అని తేల్చింది. పురావస్తు శాఖ వాళ్లు తాజ్‌కి ముల్తానీ మట్టి పట్టించి కడుగుతుంటారు. అవును, మన అక్కలు మొహానికి పెట్టుకునే అదే ముల్తానీ మట్టి!

గ్రీస్ రాజధాని ఏథెన్స్‌ది ఇంకో కథ. అక్కడి కొండ మీద ఒక ఆలయానికి స్తంభాల బదులు ఆరుగురు స్త్రీల పాలరాతి విగ్రహాలు కప్పుని మోస్తుంటాయి. వాటిలో ఒకటి రెండు వందల ఏళ్ల కిందే లండన్ చేరింది. మిగతా అయిదూ రెండు వేల నాలుగు వందల ఏళ్లు ఎండకీ వానకీ నిలిచాయి. నగరపు పొగకి మొహాలు చెరిగిపోవడం మొదలైంది. దాంతో 1979లో ఆ అయిదింటినీ మ్యూజియంలోకి తరలించారు. ఇప్పుడు కొండ మీద ఉన్నవన్నీ నకళ్లే.

విగ్రహాన్ని లోపలికి తీసుకెళ్లొచ్చు. తాజ్‌కి మట్టి పట్టించొచ్చు. చార్మినార్‌కి కొత్త సున్నం వేయొచ్చు. ఇది చదివినప్పుడల్లా నాకు డాక్టర్ గదిలో గొట్టం ఊదుతూ కళ్లలో నీళ్లు తిరిగిన నాన్న మొహమే కనిపించేది.

లోపల పేరుకునే పెచ్చు

పీఎం 2.5 అన్న మాట యాప్‌లో మీరూ చూసే ఉంటారు. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులన్నమాట. మన తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తేమ పెద్ద దుమ్మునే ఆపగలవు. ఇవి నేరుగా ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి తిత్తుల దాకా వెళ్తాయి. మరీ చిన్నవైతే రక్తంలోకీ దిగుతాయి. అందుకే పొగ వల్ల వచ్చేవి దగ్గు, ఆస్తమా మాత్రమే కావు. గుండెపోటు, పక్షవాతం కూడా ఆ లిస్టులో ఉన్నాయి. 2012లో డీజిల్ పొగని, 2013లో మొత్తంగా బయటి గాలి కాలుష్యాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో చేర్చింది. సిగరెట్ పొగ ఉన్నదీ ఆ గ్రూపులోనే. బయటి గాలి కాలుష్యం వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 42 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంత మంది పోతున్నా ఒక్కరి పేరు పక్కన కూడా 'పొగ' అని రాయరు. గుండెపోటు అంటారు, న్యుమోనియా అంటారు. లండన్‌లో రద్దీ రోడ్డు పక్కన ఉండే ఎల్లా అనే తొమ్మిదేళ్ల పాప 2013లో ఆస్తమాతో చనిపోయింది. వాళ్లమ్మ ఏళ్ల తరబడి పోరాడాక, 2020 డిసెంబర్‌లో విచారణ అధికారి ఆ మరణానికి గాలి కాలుష్యం కూడా కారణమని తేల్చారు. బ్రిటన్‌లో అలా తేల్చడం అదే మొదటిసారి.

గోడకీ మనిషికీ ఉన్న తేడా ఇదే. గోడ మీద నలుపు అందరికీ కనిపిస్తుంది. ఫొటో తీస్తారు, వార్త రాస్తారు, పరంజా కడతారు. మనిషి లోపల పేరుకున్నది అతను మెట్ల మధ్యలో ఆగిపోయేదాకా ఎవరికీ కనిపించదు.

లాక్‌డౌన్ అనే డీబగ్గింగ్

డాక్టర్ దగ్గర్నుంచి వచ్చిన రాత్రి అమ్మ ఒక మాటంది. "లాక్‌డౌన్ల నీకు యాదికుందా? మీ నాన్న అస్సలు దగ్గలే."

నాకు యాదికొచ్చింది. 2020 ఏప్రిల్. దుకాణం మూత. రోడ్లు ఖాళీ. మా డాబా మీది నుంచి ఆకాశం చిన్నప్పటి నీలంగా కనిపించేది. నాన్న పొద్దున్నే డాబా ఎక్కి మొక్కలకి నీళ్లు పోసి, కబుర్లు చెప్పుకుంటూ దిగొచ్చేవాడు. దగ్గు లేదు. అప్పుడు మేమంతా కరోనా భయంలో ఉన్నాం. దగ్గు లేకపోవడమే ఆనందం. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

మా పనిలో బగ్ ఎక్కడుందో తెలియకపోతే ఒక్కో సర్వీస్‌నీ ఆపి చూస్తాం. ఏది ఆపినప్పుడు ఎర్రర్ పోయిందో అక్కడ వెతుకుతాం. దేశమంతా మా కోసం ఆ పరీక్ష చేసి పెట్టింది. రిజల్ట్ మాత్రం నాలుగేళ్లు ఎవరూ చూడలేదు. ఒక్క మనిషి దగ్గు శాస్త్రీయ రుజువు కాదని నాకు తెలుసు. డాక్టర్‌కి చెప్తే ఆయన, "మీరు చెప్పింది వినాల్సిన క్లూ" అన్నారు. దుమ్ములో, పొగలో కూర్చునే టైమ్ తగ్గించమన్నారు.

యాప్‌లో ఆకుపచ్చ... నిజంగా పచ్చేనా?

ఆ తర్వాత నేను రోజూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల 'సమీర్' యాప్ చూడటం మొదలుపెట్టాను. మాకు దగ్గర్లో జూ పార్క్ స్టేషన్ ఉంది. మొదట్లో ఏక్యూఐ 90 ఉంటే హాయిగా అనిపించేది. 51 నుంచి 100 వరకు 'సంతృప్తికరం'. లేత ఆకుపచ్చ రంగు.

కొంచెం లోపలికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. పీఎం 2.5 ఒక రోజు సగటు క్యూబిక్ మీటర్‌కి 60 మైక్రోగ్రాముల వరకు ఉన్నా మన లెక్కలో అది సంతృప్తికరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన రోజు హద్దు 15. అంటే మన ఆకుపచ్చలో వాళ్ల హద్దుకి నాలుగు రెట్లు పట్టేస్తుంది. ఏడాది సగటు చూస్తే మన ప్రమాణం 40, వాళ్లది 5.

ఇంకో మెలిక. ఏక్యూఐ అంటే ఎక్కడో ఒక చోట పెట్టిన మెషిన్ చెప్పే చాలా గంటల సగటు. రోడ్డు అంచున పొగ ఎక్కువ. కొన్ని వందల మీటర్లు లోపలికి పోతే బాగా తగ్గుతుంది. ఇరుకు గల్లీలో రెండువైపులా ఎత్తైన బిల్డింగులుంటే పొగ పోవడానికి దారి ఉండదు, బావిలో నీళ్లలా నిలబడిపోతుంది. ఛత్తా బజార్ సరిగ్గా అలాంటి బావి. జూ పార్క్ చెట్ల దగ్గరి నంబర్ నాన్న కౌంటర్ దగ్గరి గాలి గురించి చెప్పదు. తెల్ల గుడ్డ చెప్తుంది.

ఎవరి పొగ?

ఇక్కడిదాకా వచ్చాక కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలా అని వెతుక్కున్నాను. పాత ఆటోల మీదా? డీసీఎంల మీదా? అప్పుడు నా బైక్ గుర్తొచ్చింది. గౌలిపురా నుంచి హైటెక్ సిటీకి రోజూ పోనూ రానూ నలభై కిలోమీటర్లకి పైగా. అందులో సగం టైమ్ సిగ్నల్స్ దగ్గర ఇంజిన్ ఆన్‌లోనే. చాలాసార్లు మదీనా మీదుగానే వెళ్తాను. నాన్నకి టిఫిన్ బాక్స్ ఇచ్చి, ఆ రెండు మెట్ల ముందు బండి ఆపకుండానే రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లేవాణ్ని. సైలెన్సర్ దుకాణం వైపే ఉండేది.

మంచి జరగలేదని కాదు. ఒకప్పటి బీఎస్-2 డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో 500 వంతులుండేది. బీఎస్-4లో 50కి దిగింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఇంధనంలో 10 మాత్రమే. అంటే సున్నాన్ని జిప్సం చేసే గ్యాస్ ఒక్కో లీటర్ నుంచి బాగా తగ్గింది. 2000లో సీసం కలిపిన పెట్రోల్ పోయింది. చార్మినార్ చుట్టూ ఒకప్పుడు బస్సులు కూడా తిరిగేవి. రెండు దశాబ్దాలకి పైగా నలిగిన పాదచారుల ప్రాజెక్టు వల్ల ఇప్పుడు దాని చుట్టూ రాళ్లు పరిచారు, బండ్లు దూరం జరిగాయి. 2019 జనవరిలో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కూడా ఉన్నాయి.

కానీ లీటర్‌లో విషం తగ్గితే లీటర్లు పెరిగాయి. చార్మినార్ దగ్గర ఆపిన బండ్లు మాయమైపోలేదు. పక్క గల్లీల్లోకి మళ్లాయి. చార్ కమాన్‌లోని పాత కమాన్ల కింది నుంచి ఇప్పటికీ బండ్లు దూరుతూనే ఉన్నాయి. కట్టడాన్ని కాపాడటానికి బండ్లని పక్కకి జరిపితే, ఆ పక్కన ఉన్నది ఎవరు? గాజుల దుకాణాల వాళ్లు, తోపుడు బండ్ల వాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, మా నాన్న.

ఎలక్ట్రిక్ బండి కొంటే అయిపోతుందా? సైలెన్సర్ పొగ పోతుంది, మంచిదే. కానీ టైర్లు అరిగితే వచ్చే పొడి, రోడ్డు మీది దుమ్ము లేవడం అలాగే ఉంటాయి. బండ్ల రకం మారడం ఒక మెట్టు. బండ్ల సంఖ్య తగ్గడం రెండో మెట్టు. ఆ రెండోదాని గురించి మాట్లాడటం ఎవరికీ ఇష్టం లేదు. నాకూ ఉండేది కాదు.

నేను మార్చుకున్నవి... మీకూ పనికొస్తాయేమో

1. సిగ్నల్ దగ్గర, మనిషితో మాట్లాడేటప్పుడు ఇంజిన్ ఆఫ్. అర నిమిషానికి మించి ఆగాల్సి ఉంటే ఆపేయడమే మేలు. ముఖ్యంగా దుకాణాల ముందు, స్కూల్ గేట్ల ముందు. పెద్దవాళ్ల కంటే పిల్లల ముక్కు సైలెన్సర్‌కి దగ్గరగా ఉంటుంది.

2. కర్చీఫ్, స్కార్ఫ్ కట్టుకుంటే పీఎం 2.5 ఆగదు. మొహానికి బిగుతుగా కూర్చునే ఎన్95 ఆపుతుంది. గడ్డం వైపు గ్యాప్ ఉంటే దాని వల్లా ఉపయోగం లేదు. అది కూడా రేణువుల్నే ఆపుతుంది, గ్యాస్‌ని కాదు.

3. వాకింగ్, రన్నింగ్ మెయిన్ రోడ్డు మీద వద్దు. అదే దూరం రెండు గల్లీల లోపలి నుంచి వెళ్లండి. పొగలో తేడా చాలా ఉంటుంది.

4. పొల్యూషన్ సర్టిఫికెట్ చలాన్ కోసం కాదు. ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్ టైమ్‌కి మార్చండి. నల్ల పొగ వస్తుంటే మైలేజీ కూడా పోతున్నట్టే.

5. ఇంట్లో రోడ్డు పక్కన పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఆటో నడిపేవాళ్లు, దుకాణం పెట్టుకున్నవాళ్లు, నెలల తరబడి దగ్గుతుంటే సిరప్‌తో సరిపెట్టకండి. స్పైరోమెట్రీ గురించి డాక్టర్‌ని అడగండి. ఊదడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మేము కొన్నేళ్లు ఆలస్యం చేశాం.

6. పాత కట్టడం చూడటానికి వెళ్తే బండి దూరంగా పెట్టి నడవండి. గోడ ఎక్కడ తెల్లగా ఉంది, ఎక్కడ నల్లగా ఉందో గమనించండి. వాన తగిలే చోటు, తగలని చోటు వేరుగా కనిపిస్తాయి. ఈ కథంతా ఆ గోడ మీదే రాసి ఉంటుంది.

రెండు మెట్ల నుంచి లోపలికి

దుకాణం మూసేయమని నాన్నతో ఎన్నోసార్లు గొడవ పడ్డాను. "నేను సంపాదిస్తున్నా కదా, ఇంట్లో ఉండు నాన్నా" అన్నాను.

"ఇంట్ల ఉంటే దగ్గు తగ్గుతదేమో గానీ, మనిషిని ఉంటనా రా?" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఎన్ని వేల పెళ్లిళ్లకి కార్డులు వేశాడో ఆయనకే లెక్క లేదు. తల్లిదండ్రుల కార్డు వేసి, తర్వాత వాళ్ల పిల్లల కార్డు కూడా వేసిన ఇళ్లున్నాయి. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మధ్యేమార్గం ఒకటి దొరికింది. కౌంటర్‌ని పది అడుగులు లోపలికి జరిపాం. ముందు అద్దం తలుపు పెట్టించాం. రద్దీ బాగా ఉండే సాయంత్రం వేళ దుకాణంలో కుర్రాడు ఉంటాడు, నాన్న ఇంటికి వచ్చేస్తాడు. ఇన్‌హేలర్ రోజూ తప్పడం లేదు. పోయిన ఊపిరి తిరిగి రాలేదు. ఉన్నది నిలబడింది. మొన్న మా ఇంటి డాబా మెట్లు ఆగకుండా ఎక్కాడు. నేను కింద నుంచి లెక్కపెడుతూ నిలబడ్డాను.

నేను బైక్ మానేశానని గొప్పలు చెప్పను. పూర్తిగా మానలేదు. వారంలో నాలుగు రోజులు మాత్రం పొద్దున గౌలిపురా నుంచి నడుచుకుంటూ బయల్దేరి, దారిలో దుకాణం దగ్గర నాన్నకి బాక్స్ ఇచ్చి, నయాపూల్ దాటి ఎంజీబీఎస్ మెట్రో ఎక్కుతున్నాను. అమీర్‌పేటలో మారి రాయదుర్గం వైపు. టైమ్ పావుగంట ఎక్కువ పడుతుంది. పాతబస్తీ లోపలికి మెట్రో ఉంటే ఆ పావుగంట కూడా మిగిలేది. నాలాంటి వాళ్లు వందల మంది బండి తీయకుండా ఉండేవాళ్లు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన గ్రీన్ లైన్ ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. నా కోరికల లిస్టులో మొదటిది ఇప్పుడు కొత్త ఫోన్ కాదు, ఆ లైన్.

ఆదివారం నాన్నా నేనూ పొద్దున్నే, బజార్ లేవకముందు, చార్మినార్ దాకా నడుస్తున్నాం. మెల్లగా, మధ్యలో గుల్జార్ హౌజ్ దగ్గర ఆగుతూ. మొన్న మరమ్మతు చేసిన మినార్ వైపు చూస్తూ నాన్న, "మంచిగ చేసిన్రు. పాత దాంట్ల కలిసిపోయింది" అన్నాడు.

తర్వాత జేబులోంచి కర్చీఫ్ తీసి మొహం తుడుచుకుని, అలవాటు కొద్దీ దాన్ని విప్పి చూశాడు. నాకూ చూపించాడు. ఆ టైమ్‌లో ఇంకా ట్రాఫిక్ మొదలవలేదు. కర్చీఫ్ తెల్లగానే ఉంది.